అత్తిపత్తికి అలసట

వదినా మరదళ్లిద్దరికీ ఆ ఉద్యానవనంలోనే ఉద్యోగం. గాజు గదిలోని మొక్కల్ని బతికించడం వదిన పని. వాటి మీద జనానికి ఆసక్తి పుట్టించడం మరదలి పని. అందుకు ఆమె డిజైన్ చదివింది.

మొదటి ప్రయోగానికి మరదలు ఏరికోరి అత్తిపత్తిని ఎంచుకుంది. ఆకును ముట్టుకుంటే, దాని కదలికను పట్టి పక్కనున్న పెద్ద తెర మీద బొమ్మ ఆకు ముడుచుకుంటుంది, సంగీతం వస్తుంది.

"ముట్టుకుంటే అదే ముడుచుకుంటుంది కదే," అంది వదిన.

"అది చిన్నగా కనిపిస్తుంది వదినా. ఇది గోడంత."

"అయితే సరే. పెళ్లికూతుర్ని పక్కన పెట్టి ఫొటో చూపించినట్టు."

మరదలు నవ్వలేదు. కుండీ దగ్గర జనం ఎంతసేపు నిలబడతారో ఒక కెమెరా కొలుస్తోంది. ఆ సమయం పెరిగితే తోటంతా ఆమె చేతికొస్తుంది. పెరగకపోతే ఉద్యోగమే ఉండదు. తోట డైరెక్టరు ఆ మాట ఎంతో మర్యాదగా, టీ ఇప్పించి మరీ చెప్పాడు.

ప్రారంభం రోజు జనం విరగబడ్డారు. చెయ్యి మొక్క మీద, కళ్లు తెర మీద. మధ్యాహ్నానికి తెర ఆగిపోయింది. అందరూ తలో చెయ్యీ వేశాక ఆకులకు విచ్చుకునే తీరికే లేకపోయింది. ముడుచుకున్నది మళ్లీ ఎలా ముడుచుకుంటుంది?

"మొక్క పాడైందండీ," అన్నాడొక పెద్దమనిషి, లిఫ్టు గురించి ఫిర్యాదు చేస్తున్నట్టు.

డైరెక్టరు మరదలి చెవి దగ్గర చేరాడు. "తెరను విడిగా ఆడించెయ్యండి. మొక్కతో పనేముంది? సాయంత్రం కమిటీవాళ్లొస్తారు."

ఆ మీట ఆమె ఫోన్‌లోనే ఉంది. బొటనవేలు దాని మీదికి వెళ్లింది.

"నొక్కు తల్లీ," అంది వదిన, పిచికారీ పక్కన పెడుతూ. "కుండీ మనింటి వరండాలో పెట్టుకుందాం. ఇక్కడ ప్లాస్టిక్‌ది పెట్టు, నాకు నీళ్లు పోసే బాధ తప్పుతుంది."

మరదలికి ఒళ్లు మండింది. ఆ మంటలోనే తెర మీద పెద్ద అక్షరాలు వేసింది: 'అలిసిపోయాను. విచ్చుకునేదాకా ముట్టుకోకండి.'

జనం చేతులు వెనక్కి తీసుకున్నారు. చూడడానికి తెర మీద ఇంకేం లేదు కనుక, గతిలేక మొక్కను చూశారు.

"ఆ కొమ్మ చూడు, కొంచెం లేచింది."

"ఏదీ? నువ్వు జరుగు ముందు."

ఒక్కో ఆకూ విచ్చుకుంటుంటే ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. కెమెరా లెక్క ఎప్పుడూ లేనంత పైకెక్కింది.

సాయంత్రం కమిటీ ముందు డైరెక్టరు ఆమె భుజం తట్టాడు. "అలసట! ఎంత గొప్ప డిజైనండీ. తోటంతా మీదే. ప్రతి మొక్కకీ ఈ అలసట పెట్టించండి."

"అన్నింటికీనా సార్?"

"నాగజెముడుతో మొదలుపెట్టండి."

నాగజెముడును ముట్టుకున్న మనిషి ఇంతవరకూ లేడు. ఆ మాట చెప్పడానికి మరదలు నోరు తెరిచింది. తర్వాత తన ఉద్యోగం గుర్తొచ్చి, "సరే సార్, రేపే," అంది.