తాతమ్మకి ఊ కొట్టకూడదు

పొద్దున్నే ఆ ఇంట్లో కుట్టుమిషను చప్పుడు మొదలయ్యేది. ఆ ఇంటావిడ దర్జీ. ఆవిడ స్కూలు యూనిఫారాలు కుడుతుంటే, గుమ్మం పక్కన పీట మీద కూర్చుని తాతమ్మ వాటికి గుండీలు వేసేది. "ఈ చొక్కాకి తెల్లవేనా?" అని తాతమ్మ అడిగితే "అవును" అనాలి, "అలాగే" అనాలి, ఏమీ తోచకపోతే తలాడించాలి. "ఊ" మాత్రం అనకూడదు. ఆమె అడిగినదానికి ఊ అన్నవాళ్ళకి ఆమె చావులేనితనం అంటుకుంటుంది, ఆమెకి వదిలిపోతుంది. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా పరధ్యానంలో నోరు తెరవబోతే పక్కింటాయన గట్టిగా దగ్గేవాడు.

ఆమె ఎవరికి తాతమ్మో లెక్క ఎప్పుడో తప్పిపోయింది. మోకాళ్ళ నొప్పులు మొదలైన వయసులో ఆమెకది అంటుకుంది. అప్పట్నుంచీ వయసూ పెరగలేదు, నొప్పులూ తగ్గలేదు.

దర్జీకి ఒక్కతే కూతురు, కాలేజీలో చదువుతోంది. ఆ ఏడాది మెట్లెక్కుతూ మధ్యలో కూలబడింది. గుండెలో కవాటం పాడైందనీ, ఆపరేషను తప్పదనీ, ప్రాణానికి హామీ ఇవ్వలేననీ డాక్టరమ్మ చెప్పింది.

దర్జీ ఆశగా తాతమ్మ మాట ఎత్తింది. డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు. తాతమ్మ రక్తం ఆవిడ ఇదివరకే పరీక్ష చేసింది.

"మన ఒంట్లో కణాలు కొన్నాళ్ళు కొత్తవాటిని పుట్టిస్తాయి, తర్వాత అలిసిపోతాయి. ఆవిడవి అలిసిపోవు. ఎందుకో నాకూ అంతుపట్టలేదు. కానీ అది ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచుతుందమ్మా, బాగుచెయ్యదు."

"ఉంటే చాలు," అంది దర్జీ.

కూతురు ఒప్పుకోలేదు. "ఈ ఆయాసంతో ఎప్పటికీనా? నావల్ల కాదు. ఆపరేషనే చేయించుకుంటానమ్మా. బతికితే బతుకుతాను, లేకపోతే లేదు."

"లేకపోతే లేదని ఎంత తేలిగ్గా అంటున్నావే!"

ఆపరేషను రోజు దర్జీ తాతమ్మని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. ముందుగా ఇచ్చిన మందుకే కూతురి కళ్ళు మూతలు పడుతున్నాయి. దుప్పటి సర్దనా అంటే ఊ, ఉంగరం తీసెయ్యనా అంటే ఊ. నర్సు ఏమడిగినా అదే జవాబు. తాతమ్మ అడిగినా ఇదే జవాబు వస్తుందని దర్జీకి తట్టింది. నర్సు అటు వెళ్ళగానే తలుపు దగ్గరికి వేసి, తాతమ్మని మంచం దగ్గరికి లాక్కొచ్చింది.

"ఏదో ఒకటి అడుగు. తొందరగా. నీకూ విముక్తి, దానికీ ప్రాణం."

తాతమ్మ మంచం మీదికి వంగింది. ఆ మొహంలోకి చూసి, "చలేస్తోందా తల్లీ?" అంది.

పిల్ల పెదవులు కదిలాయి. మాట బయటికొచ్చేలోపు తాతమ్మ అరచెయ్యి వాటిమీద పడింది. "వద్దు. పలక్కు."

"ఏం చేస్తున్నావ్ నువ్వు!" దర్జీ ఆ చెయ్యి లాగబోయింది. చెయ్యి కదల్లేదు.

"నా పిల్లలు దిక్కులేనివాళ్ళు కాకూడదని అప్పుడు నేనూ ఊ అన్నాను," అంది తాతమ్మ. "వాళ్ళందర్నీ కాటికి పంపించాను. వాళ్ళ పిల్లల్నీ పంపించాను. నాకు చచ్చిపోవాలనే ఉందే. కానీ తెలివిలో ఉండి వద్దన్నదాన్ని మత్తులో ఒప్పించలేను."

తలుపు తెరుచుకుంది. మంచాన్ని తోసుకుపోయారు.

వరండాలో బెంచీకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చున్నారు. ఎవరో రక్తం సంచీలు పట్టుకుని లోపలికి పరుగెత్తారు. కాసేపటికి ఇంకొకరు పరుగెత్తారు. దర్జీ చేతిలో రుమాలు పోగులు పోగులైపోయింది. చివరికి ఆమె బెంచీ మీద ఇటు జరిగి, తాతమ్మ భుజానికి తల ఆనించింది.

మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ బయటికొచ్చింది. "గుండె చక్కగా కొట్టుకుంటోందమ్మా. అద్దంలోంచి చూడు."

దర్జీ అద్దానికి మొహం ఆనించేసింది. లోపల దుప్పటి పైకీ కిందికీ కదులుతోంది. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసే వస్తున్నాయి.

"గండం గడిచిందిగా," అంది వెనకనుంచి తాతమ్మ. "ఇక నేను వెళ్ళనా?"

"ఊ," అంది దర్జీ, దుప్పటి మీంచి చూపు తిప్పకుండా.

అన్నాక తెలిసింది, అది తనకి అంటుకుందని. గిరుక్కున తిరిగింది. తాతమ్మ బెంచీ మీద ఒరిగి, చెయ్యి తలకింద పెట్టుకుంటోంది. అలవాటుకొద్దీ అడిగిందో, కావాలనే అడిగిందో కనుక్కునేలోపే ఆమె కళ్ళు మూతపడ్డాయి, ఊపిరి ఆగిపోయింది.

సాయంత్రం కూతురికి మెలకువ వచ్చింది. పెదవులు ఎండిపోయాయి, నుదురు ముడుచుకుంది. దర్జీ ఆమె మీదికి వంగింది. నొప్పిగా ఉందా అన్న మాట నోటిదాకా వచ్చింది. ఇప్పుడు గుండె బాగుంది. ఆయాసం లేదు. ఆ మత్తులో ఒక్క మాట అడిగితే చాలు, ఈ పిల్ల ఇక ఎప్పటికీ ఇలాగే ఉంటుంది.

దర్జీ పళ్ళు బిగించి ఆ మాట మింగేసింది. తడి దూదితో కూతురి పెదవులు అద్దుతూ, "నేనున్నాను తల్లీ," అంది.