గోడవైపు తిప్పిన పగుళ్లు

పగిలిన వైపు గోడకి, బాగున్న వైపు తలుపుకి. పొద్దున తొమ్మిదింటికి పాత బనియను గుడ్డ చేతపట్టుకుని ఆయన చేసే మొదటి పని అదే. అరల మీద పద్నాలుగు డ్రమ్ములు. ఒక్కొక్కదాన్నీ నిద్రపోతున్న పసిపాపని జరిపినట్టు రెండు చేతులతో జరిపి, దుమ్ము తుడిచి, మళ్ళీ సరిగ్గా అలాగే తిప్పి పెడతాడు.

సంగీత పాఠశాలలో నేలకి దిగువన ఉన్న గది అది. కప్పుకి ఆనుకుని అట్టపెట్టె మూతంత కిటికీ. అందులోంచి దారిన పోయేవాళ్ళ పాదాలు తప్ప మరేమీ కనపడవు. చెప్పుల్ని బట్టి మనుషుల్ని పోల్చుకోవడం ఆయనకి ఎప్పుడో అలవాటైపోయింది. వయొలిన్ మాస్టారు కొత్త బూట్లు కొన్నారని అందరికంటే ముందు ఆయనకే తెలిసింది. ఆ మాస్టారి జుట్టు నెరిసిందని మాత్రం అందరికంటే ఆఖర్న తెలిసింది.

పిల్లలు ఆయన్ని తాళాల తాత అంటారు. యాభై తొమ్మిదేళ్ళు. సన్నటి మనిషి, వంగిన భుజాలు, పొడుగాటి వేళ్ళు. మంచినీళ్ళ గ్లాసైనా రెండు చేతులతోనే పట్టుకుంటాడు. కొత్తగా చూసినవాళ్ళు చేతులు వణుకుతాయేమో అనుకుంటారు. వణకవు.

ఆ చేతులు ఒకప్పుడు డ్రమ్ము వాయించేవి. ముప్పయ్యో ఏట పాఠశాల బ్యాండులో రెండో డ్రమ్మరుగా కుదిరాడు. వార్షికోత్సవానికి ముందు రోజు పెద్ద డ్రమ్ముని మేడ మీంచి తనే మోసుకొచ్చాడు. ఆఖరి మెట్టు దగ్గర కాలు తడబడి డ్రమ్ము నేలకి దబ్బున ఆనింది. పడలేదు, ఆనింది. మర్నాడు చూస్తే, చెక్క చుట్టూ అంటించిన, ముత్యంలా మెరిసే ఎర్రటి షీటు తొడుగు మీద, స్క్రూ పక్కనుంచి వేలెడు పొడుగున పగులు. బ్యాండు మాస్టారు అరవలేదు. "ఈ చేతులకి డ్రమ్ము ఇవ్వకూడదు. కొన్నాళ్ళు స్టోరు చూసుకో," అన్నాడంతే.

ఆ కొన్నాళ్ళు ఇరవై తొమ్మిదేళ్ళయింది. మాస్టారు పోయి కూడా పన్నెండేళ్ళు.

తరవాత మిగతా డ్రమ్ములు కూడా ఒకదాని వెనక ఒకటి పగలసాగాయి. ఏ ఒక్కదాన్నీ ఆయన పడెయ్యలేదు. కానీ ఆ మాట ఎవరు నమ్ముతారు? పగులు కనిపించగానే ఆ వైపు గోడకి తిప్పేసేవాడు. పోనుపోను, తన చెయ్యి తగిలితేనే వస్తువులు పాడవుతాయని ఆయనకే నమ్మకం కుదిరిపోయింది.

ఆ రోజు కిటికీ ముందు తెలియని చెప్పులు ఆగాయి. కాసేపటికి తలుపు దగ్గర ఒకావిడ నిలబడింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. భుజాన పనిముట్ల సంచి, గోళ్ళ సందున ఎండిన జిగురు. పాత వాయిద్యాల్లో వేటిని బాగు చెయ్యొచ్చో చూడమని కొత్త ప్రిన్సిపాలు పంపించారట.

ఆయన అరకి అడ్డంగా నిలబడిపోయాడు. ఆవిడ పక్కనుంచి చెయ్యి చాపి మొదటి డ్రమ్ముని తిప్పింది. రెండోది తిప్పింది. మూడోది తిప్పబోతుంటే ఆయన నోరు విప్పాడు.

"నేను పడెయ్యలేదమ్మా."

"పడేశారని ఎవరన్నారు?" అంటూ ఆవిడ పెద్ద డ్రమ్ముని దింపి నేల మీద పెట్టుకుని కూర్చుంది. "ముందు వాసన చూడండి. ఏం వాసన?"

"బట్టల బీరువా వాసన. ఈ గదంతా అంతేగా."

"కర్పూరం పెద్దాయనా. ఈ పాత తొడుగులు మెత్తగా వంగాలని కర్పూరం కలిపి చేసేవాళ్ళు. డబ్బాలో మూత పెట్టి దాచినా కర్పూరం తరిగిపోతుంది కదా, అలాగే ఏళ్ళ తరబడి ఇందులోంచి పోతూ ఉంటుంది. అది పోయిన కొద్దీ షీటు పెళుసెక్కి ముడుచుకుంటుంది. లోపలి చెక్క మాత్రం ముడుచుకోదు. ఇటు చూస్తే జిగురు, అటు చూస్తే స్క్రూలు. చుట్టూ బిగించి పెట్టారు. ఎటూ జరగడానికి లేదు. ఇంక ఏం చేస్తుంది? ఎక్కడ బెజ్జం ఉంటే అక్కడ పగులుతుంది. దూదిలో పెట్టి దాచినా పగిలేదే."

ఆయన గోడకి చెయ్యి ఆనించాడు.

"మెట్టు దగ్గర గట్టిగా ఆనితే?"

ఆవిడ టార్చి వేసి డ్రమ్ము చుట్టూ వెతికింది. "ఇదిగో, ఇక్కడ అంచు నొక్కుకుంది. ఆనింది ఇక్కడే అయ్యుంటుంది. పగులు పూర్తిగా అవతలి పక్కన కదా ఉంది."

"మరి ఆ రోజే ఎందుకు పగిలింది?"

"ఆ రోజే చూశారు," అంది ఆవిడ. "ఎప్పుడు పగిలిందో ఎవరికి తెలుసు."

ఆయన గుడ్డ మడిచి అర మీద పెట్టాడు. మెట్లెక్కి ఆఫీసు గదికి వెళ్ళాడు. గుమాస్తా లెక్చరర్ల హాజరు పట్టీ రాసుకుంటున్నాడు.

"నా ఫైలు ఒకసారి చూపించు నాయనా. డ్రమ్ము సంగతి ఏం రాశారో చూడాలి."

"ఏ డ్రమ్ము బాబాయ్?"

ఫైలు పల్చగా ఉంది. చేరిన నాటి ఉత్తర్వు, నాలుగు సెలవు చీటీలు, ఒక చిన్న కాగితం. వేరే ఏర్పాటు జరిగేవరకు స్టోరు చూసుకోవలసింది, అని దాని మీద రెండే ముక్కలు. డ్రమ్ము మాట ఎక్కడా లేదు. గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మళ్ళీ బ్యాండులోకి వెళ్తానని మీరు అడిగారా?"

"ఏ మొహం పెట్టుకుని అడగను?"

"అడిగి ఉంటే ఇచ్చేవాళ్ళేమో. తరవాత రెండుసార్లు డ్రమ్మరు కావాలని ప్రకటన కూడా వేశారు బాబాయ్. ఎవరూ దొరకలేదు."

మధ్యాహ్నం భోజనానికి ఇల్లు రెండు వీధుల అవతలే. భార్య వడ్డిస్తుంటే అంతా చెప్పాడు. కర్పూరం సంగతి, నొక్కు సంగతి, ఫైలు సంగతి. ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసి విన్నది.

"మీరు పడేశారని నేనెప్పుడైనా అన్నానా?"

"అనలేదు. పడెయ్యలేదని కూడా అనలేదు."

ఆవిడ గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. గొంతులో కోపం లేదు.

"ఆ ఏడే అమ్మాయి పుట్టింది. చేతికిస్తే వద్దని వెనక్కి జరిగారు. నడక వచ్చేదాకా దాన్ని ఎత్తుకుని ఒక్కసారి మెట్లు దిగలేదు మీరు. పక్కింటివాళ్ళు ఆడపిల్ల పుట్టిందని అలిగారనుకున్నారు. ఆ మాట కూడా నేనే పడ్డాను. మీ చేతుల్ని మీరే నమ్మకపోతే, నేనేమని వాదించను?"

ఆయన అన్నం కలిపాడు, తినలేదు. చెయ్యి కడుక్కుని లేచాడు.

మూడింటికి స్టోరుకి వచ్చేసరికి మరమ్మతులావిడ పెద్ద డ్రమ్ము స్క్రూలన్నీ విప్పేసింది. జిగురు అతుకు కింద పల్చటి కత్తి దూర్చి పైకి లేపగానే తొడుగు టప్పున విడిపోయింది. రెండు అంచుల మధ్యా బొటనవేలు పట్టేంత చెక్క కనపడింది. ఆవిడ రెండు చేతులతో లాగి చూపించింది. అంచులు కలవలేదు.

"ఇంక దీన్ని మళ్ళీ చుట్టలేం. కొత్తది వెయ్యాల్సిందే. చెక్క మాత్రం రాయిలా ఉంది," అని, ఆయన మొహం చూసి, సంచిలోంచి రెండు పుల్లలు తీసి ఇచ్చింది. "మీరు వాయించేవారని గుమాస్తాగారు చెప్పారు. పక్కనున్న ఆ చిన్న డ్రమ్ము వాయించండి."

ఆయన చుట్టూ చూశాడు, ఎవరైనా వద్దంటారేమో అన్నట్టు. తరవాత పుల్లలు పట్టుకున్నాడు. నాలుగు దెబ్బలు శుభ్రంగా పడ్డాయి. అయిదోది వేగం అందుకోవలసిన చోట మణికట్టు మొరాయించింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి ప్రయత్నించలేదు.

"చెయ్యి తిరగట్లేదమ్మా," అన్నాడు. పుల్లల్ని రెండు చేతులతో ఆవిడకి అందించాడు.

మూడున్నరకి ఆయన పైకి వెళ్ళి, గుమాస్తా బల్ల మీద తన తాళాల గుత్తి పెట్టాడు. ఎనిమిదేళ్ళుగా ఆ ఆఫీసులో ఉన్న గుమాస్తా ఆ గుత్తిని ఆయన మొలకి తప్ప ఇంకెక్కడా చూడలేదు.

"రేపు సెలవా బాబాయ్?"

"రిటైరవడానికి ఇంకా పదకొండు నెలలుంది కదా. మిగిలిన సెలవులన్నీ అందులో పెట్టెయ్యి. చాలకపోతే జీతం కోసెయ్యి. నేను రాను."

"ప్రిన్సిపాలుగారితో ఒక మాట చెప్పి..."

"నువ్వే చెప్పు."

గేటు దాటి ఆయన కాసేపు నిలబడ్డాడు. ఆ వేళప్పుడు వీధి ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. ఎండ ఇంకా గట్టిగానే ఉంది. బడి పిల్లలు గుంపుగా ఎదురొచ్చారు. వాళ్ళు పోయేదాకా గోడకి ఒదిగి, దారి వదిలి, తరవాత ఇంటివైపు కాకుండా రెండోవైపు నడిచాడు.

అయిదింటికి మరమ్మతులావిడ పనిముట్లు సర్దుకుని దీపం ఆర్పబోతూ తలుపు వెనక వైపు చూసింది. మేకుకి ఆయన బూడిదరంగు స్వెట్టరు వేలాడుతోంది. ఎండాకాలంలో కూడా ఆ చెమ్మ గదిలో వేసుకుని వేసుకుని దాని ఉన్ని అట్టకట్టుకుపోయింది. లోపల మనిషి లేకపోయినా మోచేతులు రెండూ వంగే ఉన్నాయి, ఏదో బరువైనది పట్టుకున్నట్టు.