వంతెన కాపరి ఆడా, మగా?

గేములకు బొమ్మలు గీసే ఆమెను ఆఫీసులో అందరూ బొమ్మలక్క అంటారు. ఆమె గీసిన వంతెన కాపరి మీద ఆ వారమంతా ఒకటే రగడ. ముఖానికి ఇనుప ముసుగు, ఒంటికి బరువైన కవచం. వంతెన దాటబోయే పిల్లల ముందు మోకాళ్ల మీద కూర్చుని, వాళ్ల బూట్ల తాళ్లు బిగించి మరీ పంపే మనిషి. మాటలు రికార్డు చేసే రోజు దగ్గరపడింది.

"'కాపరి వచ్చాడు' అనే రాశాను. ఆ భుజాలు చూడండి," అన్నాడు రచయిత.

"ముందు ఆ తాళ్లు కట్టే తీరు చూడండి సార్. కన్నతల్లికే వస్తుందది. 'వచ్చింది' అనాలి," అంది గేము ఆడి తప్పులు పట్టే అమ్మాయి. "అక్కా, గీసింది నువ్వు. నువ్వే తేల్చు."

"రేపు చెప్తాలే," అని తప్పించుకుంది బొమ్మలక్క. నిజానికి ఆ కాపరి ఆమె బాబాయి. తండ్రి ముందే పోయి, నాలుగేళ్లప్పుడు తల్లీ పోతే, బస్సుల షెడ్డులో మెకానిక్కుగా చేస్తూ, పెళ్లి మాటెత్తకుండా తనను పెంచిన మనిషి. ఆ సంగతి చెబితే మగవాడని ముద్ర వేసేస్తారు. ఎందుకో మనసొప్పలేదు.

ఆ సాయంత్రం బాబాయి ఇంటికెళ్లి ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, కాపరి వంగి తాళ్లు కట్టడం రెండుసార్లు చూశాడు.

"మీ అమ్మను భలే గీశావే," అన్నాడు.

"అమ్మేంటి బాబాయ్! అది నువ్వు. నా బూట్లకు అలాగే కట్టేవాడివిగా."

"నాకెక్కడొచ్చే అదంతా? వదిన నీకు కడుతుంటే గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. తను పోయాక మొదటిరోజు నేను కడితే, 'అలా కాదు, అమ్మలా రెండు ముళ్లు' అని ఇల్లెగిరిపోయేలా ఏడ్చావు. షెడ్డులో పాత బూటొకటి పెట్టుకుని వారం రోజులు నేర్చుకున్నా. తోటివాళ్లు పడీ పడీ నవ్వారనుకో."

బొమ్మలక్కకు అదేమీ గుర్తులేదు. తల్లి ముఖం జ్ఞాపకం లేదని ఇన్నేళ్లూ లోలోపల కుమిలింది; తల్లి చేతుల్ని మాత్రం తెలియకుండానే గీసింది.

మర్నాడు ఆఫీసులో కథంతా చెప్పింది. రచయిత తన కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

"అయితే 'వచ్చారు' అని రాస్తా. ఇద్దరికీ మర్యాద."

బాబాయిని చూడాల్సిందేనని తప్పులు పట్టే అమ్మాయి పట్టుబట్టింది. ఆయన వచ్చి, గేమంతా ఓపిగ్గా చూసి, చివరికి కవచం మీద వేలు పెట్టాడు.

"ఈ మోకాలి దగ్గర పట్టేస్తుందమ్మా, అంత వంగలేరు. ఇక్కడో కీలు పెట్టండి."

బొమ్మలక్క ఆ పూటే కూర్చుని మోకాలు మార్చి గీసింది.