బావ ఎంచిన టర్బో

"నువ్వు ఏది బిగించమంటే అదే బావా. నాకేం తెలుసు, స్టీరింగు తిప్పడం తప్ప" అన్నాడు బావమరిది, షెడ్డులో బెంచీ మీదున్న, ఇంజనుకి అదనపు బలమిచ్చే చిన్నా పెద్దా రెండు టర్బోలనూ మార్చి మార్చి చూస్తూ. అంత నమ్మకం తెచ్చి ఎదుటివాడి నెత్తిన పెట్టడం కూడా ఒక రకంగా పీక మీద కూర్చోవడమే. ఆ సంగతి మెకానిక్కయిన బావకు అప్పుడు తోచలేదు. తోచివుంటే చిన్నదే బిగించేవాడా అంటే, అదీ చెప్పలేం.

చిన్న టర్బో చురుకైనది. పెడల్ మీద కాలు పడీపడకముందే లేస్తుంది. సందుల్లో, సిగ్నళ్ళ దగ్గర కారు చెప్పినమాట వింటుంది. బాగా వేగం పెంచితే మాత్రం ఆయాసపడుతుంది. పెద్దదాని తీరు వేరు. ముందంతా మొద్దునిద్ర. ఇంజను గట్టిగా తిరిగాక, ఇక ఇది లేవదులే అనుకునే వేళకి ఒక్కసారిగా వెన్నులో తంతుంది. రేసుల్లో తోలేవాడికి ఆ తన్ను కావాలి. పొద్దున ఆఫీసుకీ, సాయంత్రం పెళ్ళాన్ని దింపడానికీ తిరిగేవాడికి ఎందుకు? ఏ మెకానిక్కును నిద్రలేపి అడిగినా చెప్పే మాటే ఇది.

అయినా బావ "పెద్దదే" అన్నాడు. "కారన్నాక ఆ మాత్రం దమ్ముండొద్దూ!"

ఒకప్పుడు తనకూ అలాంటి టర్బో ఉన్న కారే ఉండేది. సంసారం పెరిగాక అమ్ముకున్నాడు. అప్పట్నించీ ఆ తన్ను కోసం ప్రాణం కొట్టుకుపోతోంది. పరాయివాళ్ళ కారయితే పని కాగానే అప్పజెప్పాలి. ఇంటివాడి కారయితే ట్యూనింగు పేరు చెప్పి ఎన్నిసార్లయినా తిప్పొచ్చు. తిప్పాడు కూడా. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద వీపు సీటుకి అతుక్కుపోయేలా తొక్కి, ఒంటరిగా కేకలు పెట్టి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టుకుని తిరిగొచ్చి, "ఇంకా కాస్త సరిచెయ్యాల్రా" అనేవాడు.

మొన్న వాన పడుతుండగా బావమరిది ఒక మలుపు తిరుగుతున్నాడు. కారు మందకొడిగా కదులుతోందని కాస్త గట్టిగా తొక్కాడు. సరిగ్గా మలుపు మధ్యలో పెద్దది నిద్రలేచింది. చక్రాలు పట్టు తప్పాయి. కారు గిర్రున తిరిగి దీపస్తంభానికి కొట్టుకుంది. పక్క సీట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. వాడికి చెయ్యి విరిగింది.

ఆస్పత్రి నుంచి వాణ్ణి నేరుగా అక్క ఇంటికే, అంటే మెకానిక్కు ఇంటికే తీసుకొచ్చారు. మామగారు కుర్చీలో కూర్చుంటూనే మొదలుపెట్టారు.

"కళ్ళు నెత్తికెక్కితే ఇంతే. ఆ కారు అమ్మి పారెయ్. నీకు బస్సే గతి."

"చిన్నప్పుడు సైకిలు కూడా ఇలాగే గోడకి గుద్దాడు నాన్నా. వీడి కాళ్ళకి సంకెళ్ళు వెయ్యాలి" అంది అక్క. తిడుతూనే తమ్ముడి వీపు వెనక దిండు సర్దింది.

వాడు నవ్వబోయి నొప్పికి మొహం చిట్లించాడు. "తప్పు నాదేలే. పెడల్ మీద నా కాలే బరువు. అంత కష్టపడి చేసిన పని పాడుచేశాను, ఏమీ అనుకోకు బావా."

చెంప పగలగొట్టినా ఇంతకన్నా నయంగా ఉండేది. 'ఇకనైనా నెమ్మదిగా తోలు' అనే మాట మెకానిక్కు నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే చాలు, అందరూ తలలూపి ఊరుకుంటారు.

"మీరైనా బుద్ధి చెప్పండి" అంది భార్య, మొగుడి వైపు తిరిగి. "మీ మాటంటే వాడికి వేదం."

"వాడి కాలు బరువేం కాదు" అన్నాడు మెకానిక్కు. "వాడికి చిన్న టర్బో పెట్టాల్సింది. తెలిసే పెద్దది పెట్టాను."

"పొరపాటు పడ్డారా?" అంది ఆమె, తప్పించుకునే దారి చూపిస్తున్నట్టు.

"పొరపాటు కాదు. నేను తోలుకోవడానికి. ట్యూనింగూ లేదు, గాడిదగుడ్డూ లేదు. అదంతా నా సరదా."

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బస్సెక్కించాల్సింది ఎవర్నో ఇప్పుడు తెలిసింది."

బావమరిది మెకానిక్కు వైపు తిరిగాడు.

"అంత మోజుంటే తాళం అడగొచ్చుగా బావా. ఇవ్వననుకున్నావా?"

మెకానిక్కు వాడి దగ్గరికి జరిగాడు.

"చిన్నది నేనే బిగిస్తాన్రా. కారు షెడ్డుకి తెప్పిస్తాను."

"వద్దు. వేరేవాళ్ళకి చూపిస్తాను" అన్నాడు వాడు, గొంతు పెంచకుండానే. ఇంటికి వెళ్ళడానికి లేచి, బూట్లలో కాళ్ళు దూర్చి, కట్టుకట్టిన చేతి వంక చూసుకున్నాడు. మెకానిక్కు గబుక్కున వంగి బూటు తాడు అందుకున్నాడు.

వాడు కాలు వెనక్కి తీసుకున్నాడు.

"అక్క కడుతుందిలే బావా."

వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. భార్య వచ్చి, పక్కకి జరగమని మోచేత్తో నెట్టింది.