చాందిని మణికట్టు మీది దారాలు

మదనపల్లెలోని పిల్లల ఆసుపత్రిలో నర్సు కత్తెర తీయగానే మునిరత్నం మనవరాలి చేతిని తన రెండు అరచేతుల మధ్య దాచేశాడు.

"అది లోపల పెట్టమ్మా. దేవుళ్ల దారాలు ఇవి."

నాలుగేళ్ల చాందిని కుడి మణికట్టుకు పదమూడు దారాలున్నాయి. ఎర్రవి, పసుపువి, వెలిసిపోయి ఏ రంగో చెప్పలేనివి. బిడ్డకు మాట రాలేదని మునిరత్నం భార్య రాజేశ్వరమ్మ ఎక్కిన ప్రతి కొండ నుంచీ, మొక్కిన ప్రతి గుడి నుంచీ, ఒక దర్గా నుంచీ తెచ్చి కట్టినవి. కట్టడమే గాని తీయడం లేదు. పుంగనూరు బడిలో అటెండరైన మునిరత్నం కూడా తీయనివ్వలేదు. మాట ఏ దారంలో ఉందో ఎవరికి తెలుసు? తీసేసినదే అది అయితే? ఇప్పుడు వాటి కింద చర్మం ఒరుసుకుని పుండైంది, చీము పట్టింది.

చాందిని కత్తెరను చూసి కిలకిలా నవ్వింది. ఆ పిల్ల దేనికైనా నవ్వుతుంది.

"తీయనీ మామా," అంది చాందిని తల్లి, కోడలు హరిత మెల్లగా. "రెండు నెల్లుగా సెప్దామనే అనుకుంటాండా. అత్తకు బయపడి నోరు మూసుకోనుండా."

అంతలో డాక్టర్ మేఘన వచ్చింది. కుప్పం పిల్ల. బెంగళూరు నుంచి వచ్చిన రక్తపరీక్ష కాగితం ఆమె చేతిలో ఉంది.

"ఏం తాతా, మా నర్సుతో కొట్లాటకు దిగినావా?"

"కొట్లాట యాల తల్లీ. బిడ్డకు మాట యాల రాలేదో అది సెప్పు ముందు."

ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. మెదడులో కోట్ల కొద్దీ నరాల కణాలున్నాయని, ఒకదానికొకటి తగలవని, మధ్యలో వెంట్రుక కంటే ఎన్నో వేల రెట్లు సన్నని సందు ఉంటుందని చెప్పింది. ఇవతలి కణం కబురు పంపితే అవతలిది అందుకుంటుంది. అందుకోవడానికి దాని ఒంటి మీద చిన్న చిన్న చెవుల్లాంటివి ఉంటాయి. అవి ప్రోటీన్లతో తయారవుతాయి.

"ఆ ప్రోటీన్లు శాశ్వతం కాదు తాతా. పని అయిపోయినదానికి కణం ఒక గుర్తు తగిలిస్తుంది. గుర్తు పడినదాన్ని ఒక మర ముక్కలు చేసేస్తుంది. ఆ ముక్కలతోనే మళ్లా కొత్తవి పుడతాయి. ఏది ఉండాల, ఏది పోవాల అన్నదాన్ని బట్టే ఏ కబురు గట్టిగా వినపడాలో, ఏది మెల్లగా వినపడాలో తేలేది. మనం నేర్చుకునేదంతా అట్లనే."

"మరి మా చాందినికి?"

"కణంలో ఆ గుర్తు తగిలించే పనివాళ్లుంటారు. ఈ బిడ్డకు వాళ్లలో ఒకడు లేడు. పోవాల్సినవి పోకుండా అడ్డం పడుంటాయి. అంతా ఇంతేనని కాదు, శాస్త్రవేత్తలు ఇంకా వెతకతానే ఉండారు. హరితా, ఇది ఎవరి తప్పూ కాదు. ఆ ఏడుపు ఆపు."

మునిరత్నం మనవరాలి తల నిమిరాడు. తర్వాత భయంభయంగా అడిగాడు.

"ఇప్పుడు... నా తలకాయలో గూడా జరగతా ఉండాదా అది?"

"నా మాట వింటాండావు కదా. జరగకుండా ఎట్లా?"

అతని చెయ్యి తనంతట తానే నుదుటి మీదికి పోయింది. యాభై ఎనిమిదేళ్లు ఈ తలను మోశాడు. లోపల రాత్రనక పగలనక ఇంత పని జరుగుతోందని, ఇంత కూల్చడం, ఇంత కట్టడం జరుగుతోందని ఒక్కనాడూ తెలియలేదు. దేవుడంటే చేసేవాడనే అనుకున్నాడు. తీసేయడం కూడా అంత శ్రద్ధగా చేస్తాడా! నిన్నటి పూలు తీయకుండా తాను పూజ మొదలుపెట్టిన రోజు ఒక్కటీ లేదు. మరి అంతటి ఆయన ఈ పసిదాని దగ్గర ఆ ఒక్కణ్ణి పెట్టడం ఎందుకు మరిచాడు? కోపం మాత్రం రాలేదు.

"మాట వస్తాదా తల్లీ?"

"రాకపోవచ్చు తాతా," అంది మేఘన, దాచకుండా. "ఒకటో రెండో వస్తే వస్తాయి. కానీ బొమ్మలు చూపించి, సైగ చేసి చెప్పడం నేర్పిస్తాం. దానికి ఈ చెయ్యి కావాల."

మునిరత్నం కత్తెర అందుకోలేదు. ముడులు తానే విప్పాడు, ఒక్కొక్క దేవుడి పేరూ తలచుకుంటూ. విప్పినవన్నీ కండువా కొసన మూట కట్టాడు. అరగంట పట్టింది. చాందిని మధ్యలో అతని మీసం పట్టి లాగింది.

పుండు కడిగి మందు పూసేసరికి ఇంటి నుంచి ఫోను. దారాలు విప్పిన సంగతి మునిరత్నం చెప్పాడు.

"బోయకొండమ్మ దారం గూడా తీసినావా?" అంది రాజేశ్వరమ్మ.

"అదీ తీసినా మే."

అవతల కుక్కర్ రెండుసార్లు కూసింది.

"పుండు ఎట్లుండాది?"

"మానతాదంట."

"నేను మళ్లా కడతాను, సూడు."

"కట్టు. ఒక్కటే. ఎడమ సేతికి. పాతబడితే నేనే తీస్తా."

"ఎడమ సేతికి యాల?"

మునిరత్నం పక్కకు చూశాడు. చాందిని తన కుడి మణికట్టును ఎవరిదో వస్తువులా తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"కుడి సేత్తో పని ఉండాది దానికి," అన్నాడు.