ఏనుగులు దాటేదాకా

ఆదిబాబుకి అడవి జంతువులంటే పిచ్చి. ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే భాలుబాసా పేటలోని తన రెండు గదుల ఇంట్లో టీవీకి ఎదురుగా పీట వేసుకుని, జంతువుల చానెల్ పెట్టుకుని కూర్చునేవాడు. సింహం జింకను తరుముతుంటే ఇతని కాళ్లు కదిలేవి. జంషెడ్‌పూర్ వచ్చి పాతికేళ్లయింది. ఊరి పక్కనే ఏనుగులుండే దల్మా కొండ. అయినా అడవిలో తిరిగే ఏనుగును ఒక్కసారీ చూడలేదు. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ దారిలో లద్దెలే కనిపించాయి.

"నానొత్తన్నానని ముందే తెలిసిపోతంది ఆటికి" అని భార్య కల్యాణితో అని నవ్వేవాడు.

అతను ఆదిత్యపూర్‌లో లారీల విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాడు. హెల్పరుగా చేరి, ఇనుప రేకులు అదిమి కత్తిరించే విభాగమైన ప్రెస్ షాపుకి ఇన్‌చార్జి దాకా వచ్చాడు. ఆ సంవత్సరం కంపెనీవాళ్లు ఒక మాట ప్రకటించారు. ఏడాది పొడుగునా ఒక్క ప్రమాదమూ జరగని షాపువాళ్లని కుటుంబాలతో సహా బెత్లా అడవికి తీసుకెళ్తారు. రెండు రోజులు, జీపు సఫారీ, బస, భోజనం అన్నీ కంపెనీవే. ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో షాపు గోడ మీద రాసేవారు. రోజూ పొద్దున్న ఆ అంకె మార్చడం ఆదిబాబు పని. మూడు వందలు దాటాక ఇంట్లో కూడా లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు ప్రియ, బెత్లాలో ఏ జంతువులుంటాయో ఫోనులో వెతికి తండ్రికి చూపించేది.

మూడు వందల నలభై ఏడో రోజున కల్యాణి తమ్ముడు పైడిబాబు కుడిచెయ్యి ప్రెస్సు కింద పడింది.

పైడిబాబుకి ఇరవయ్యారేళ్లు. టెక్కలి దగ్గర పల్లె నుంచి రెండేళ్ల క్రితం బావ పిలిస్తే వచ్చి, కాంట్రాక్టు కింద అదే షాపులో చేరాడు. అక్కా బావల ఇంట్లోనే ఉండేవాడు. ఎంత పని చెప్పినా చెయ్యనని అనడు. ఆ ప్రెస్సుకి చెయ్యి అడ్డొస్తే తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు ఉంది. అది పాడయి అప్పటికి వారం. ఆ సంగతి ఆదిబాబుకి తెలుసు. ఆర్డరు తొందరలో ఉందని మిషను నడిపిస్తూనే ఉన్నాడు.

చూపుడువేలు, మధ్యవేలు రెండో కణుపు దాకా పోయాయి. ఆదిబాబే గుడ్డ చుట్టి, మేనేజరు జయప్రకాష్ కారులో నర్సింగ్ హోముకి తీసుకెళ్లాడు. జయప్రకాష్ కూడా తెలుగువాడే, విజయనగరం మనిషి. పైడిబాబుని లోపలికి తీసుకెళ్లాక ఆదిబాబుని వరండాలో పక్కకి పిలిచాడు.

"జరిగిందేదో జరిగింది ఆదిబాబూ. ఇంక పద్దెనిమిది రోజులే ఉన్నాయి. పర్మనెంటు మనిషైతే నేనేం చెయ్యలేకపోయేవాణ్ణి. ఇతను కాంట్రాక్టు. ఇవాళ అసలు డ్యూటీకే రాలేదనుకో, అయిపోయింది."

"కుర్రోడి సెయ్యి పోనాది సార్."

"అందుకే చెప్తున్నా. ప్రమాదం అని రాస్తే ఎంక్వయిరీ వస్తుంది. ఆ మిషను పాడయిందని తెలిసి ఎవరు నడిపించారని అడుగుతారు. నీ పేరే వస్తుంది. మార్చిలో నేను ఇతన్ని పర్మనెంటు చేయిస్తాను. నా మాట నమ్ము."

సాయంత్రం ఆదిబాబు షాపుకి తిరిగి వచ్చి, హాజరు పుస్తకం తెరిచి, పైడిబాబు పేరు ఎదురుగా సెలవు అని రాశాడు. రాసేటప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు. అదే తరువాత అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

నర్సింగ్ హోములో పైడిబాబు మత్తు నుంచి తేరుకుని, అక్క గురించి అడిగిన మొదటి మాట, "బావా, అప్పకేటి సెప్దాం?"

"దారిలో బైకు సైను సరిసేత్తంటే సెయ్యి పడింది, డ్యూటీకే ఎల్లేదని సెప్పు. మార్చిలో నిన్ను పర్మనెంటు సేత్తానన్నారు. అందాకా నోరిప్పకు."

"అలగే" అన్నాడు పైడిబాబు.

కల్యాణి ఏడ్చింది. బండిని తిట్టింది. ఇంట్లో ఆ బండి ఉండడానికి వీల్లేదని అమ్మించింది. నెలన్నర పాటు తమ్ముడికి అన్నం కలిపి పెట్టింది. షాపు గోడ మీద అంకె మూడు వందల అరవై అయిదుకి చేరింది.

జనవరి నెలాఖరున, తెల్లవారగానే అగ్రికో మైదానం దగ్గర బస్సెక్కారు. కల్యాణి పులిహోర, చేగోడీలు కట్టింది. బస్సులో పాటలు, అంత్యాక్షరి, పిల్లల గోల. రాంచీ దాటి, కొండల మధ్య నుంచి బెత్లా చేరేసరికి సాయంత్రమైంది. ఆ రాత్రి అందరూ తొందరగా పడుకున్నారు. మర్నాడు పొద్దున్న ఆరింటికి గేటు దగ్గర జీపులు వరసగా నిలబడి ఉన్నాయి. చలికి నోట్లోంచి పొగ వస్తోంది. ఆదిబాబు కుటుంబానికి ఒక జీపు ఇచ్చారు. ముందు డ్రైవరు, పక్కన గైడు. వెనక ఆదిబాబు, కల్యాణి, ప్రియ, పైడిబాబు. గైడు పేరు బుధన్ సింగ్, పక్క పల్లెవాడు, నలభై దాటిన మనిషి. గట్టిగా మాట్లాడకూడదని, కిందికి దిగకూడదని, ఏనుగులు కనిపిస్తే మాత్రం ఊపిరి చప్పుడు కూడా వినపడకూడదని హిందీలో చెప్పాడు.

అడవిలోకి వెళ్లిన పావుగంటకే దుప్పుల మంద కనిపించింది. చెట్టు మీద కొండముచ్చులు ఆకులు తెంపి పడేస్తుంటే కింద దుప్పులు ఏరుకు తింటున్నాయి. మంచు తెరలోంచి సూర్యుడు వాటి వీపుల మీద పడుతున్నాడు. ఇంకాస్త లోపలికి వెళ్తే సాల చెట్ల మధ్య ఒక అడవిదున్న అటు తిరిగి నిలబడి ఉంది. నల్లటి కొండరాయిలాంటి ఒళ్లు, మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు తొడిగినట్టున్న కాళ్లు. అది తల తిప్పి వీళ్లని చూసి, పట్టించుకోకుండా మళ్లీ మేత మొదలుపెట్టింది.

"ఓలమ్మ! మన దున్నలు దీని ముందర దూడలే" అన్నాడు పైడిబాబు. అతని మొహం వెలిగిపోతోంది. ప్రమాదం తరువాత అతను అంత ఆనందంగా కనిపించడం అదే మొదటిసారి. స్వెట్టరు చేతి లోపల దాచుకున్న కుడిచెయ్యి మర్చిపోయి బయటికి తీశాడు. "అల్లదిగో, ఎనకాల ఇంకొకటి!" అంటూ ఆ మొండి వేళ్లతోనే చూపించాడు.

బుధన్ సింగ్ దున్న వైపు చూడలేదు. ఆ చెయ్యి వైపు చూశాడు.

"ప్రెస్సా?" అని అడిగాడు నెమ్మదిగా.

పైడిబాబు చెయ్యి లోపలికి లాక్కున్నాడు. కల్యాణి అందుకుని, కాదని, బైకు చైనులో పడిందని హిందీలో చెప్పింది.

గైడు తల అడ్డంగా ఊపాడు. తాను కూడా ఆదిత్యపూర్‌లో నాలుగేళ్లు పనిచేశానని చెప్పాడు. చైనులో పడితే వేలు నలిగి చీలుతుందమ్మా, రెండు వేళ్లూ ఒకే గీత మీద ఇలా సాపుగా తెగవు, ఇలాంటి చేతులు నేను చాలా చూశాను అన్నాడు. వాళ్లని నొప్పించాలని కాదు. తనకు తెలిసిన సంగతి తెలిసినట్టు చెప్పాడు.

కల్యాణి తమ్ముడి వైపు చూసింది. అతను అడవి వైపు చూస్తున్నాడు. మొగుడి వైపు చూసింది.

"ఏటిది?" అంది. "ఈడు సెప్పినదేటి? ఆ దినం పైడి డ్యూటీకెల్లేదన్నావు కదా. మరి..."

అప్పుడే బుధన్ సింగ్ అరచెయ్యి పైకెత్తాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. వెదురు పొదలు విరుగుతున్న చప్పుడు వినిపించింది. గైడు వెనక్కి తిరిగి, కల్యాణి మొహంలోకి చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

మొదట ఒక పెద్ద ఆడ ఏనుగు దారి మీదకి వచ్చింది. తొండం పైకెత్తి గాలి వాసన చూసింది. దాని వెనక ఇంకొకటి, మరో రెండు. వాటి కాళ్ల మధ్య ఒక గున్న, తొండం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఊపుకుంటూ. మొత్తం పదకొండు. జీపుకి ముప్పై అడుగుల దూరంలో దారి దాటడం మొదలుపెట్టాయి. ఒకటి మధ్యలో ఆగి, మట్టి తీసి వీపు మీద పోసుకుంది. దాని వెనకవన్నీ ఆగిపోయాయి.

ఆదిబాబు ఇన్నాళ్లూ ఎదురుచూసింది దీని కోసమే. కానీ అతనికి ఏనుగులు సరిగ్గా కనిపించలేదు. పక్కనే కూర్చున్న కల్యాణి ఒక్కసారి కూడా రోడ్డు వైపు చూడలేదు. అతని మొహాన్నే చూస్తోంది. అడగాల్సిన మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయి ఉంది.  ప్రియ ఫోను పట్టుకుని ఊపిరి బిగబట్టింది. పైడిబాబు కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషంతో. ఆ పావుగంటలో ఆదిబాబు భార్య మొహం చదివాడు. మొదట అనుమానం, తరువాత లెక్క, ఆ తరువాత ఏదీ లేదు.

ఆఖరి ఏనుగు పొదల్లోకి వెళ్లాక గైడు చెయ్యి దించాడు.

"పాపా, దేఖా? గ్యారా థే!" అని ప్రియ, పదకొండూ లెక్కపెట్టిన సంతోషంలో గంతేసింది.

కల్యాణి మొగుణ్ణి అడగలేదు. తమ్ముణ్ణి అడిగింది. "నిజం సెప్పరా."

పైడిబాబు బావ వైపు చూసి, తల దించుకున్నాడు. "మార్చిలో పర్మనెంటు సేత్తానన్నారప్పా. బావ నా మంచికే సెలవని రాసినాడు."

"నువ్వే రాసావా సెలవని?" అంది అప్పుడు ఆదిబాబుతో.

"నానే రాసాను."

ప్రియ ఫోను దించేసి ఒకరి తరువాత ఒకరి మొహాలు చూసింది. జీపు గేటు వైపు తిరిగింది.

గేటు దగ్గర జయప్రకాష్ బ్యానరు కట్టించి పెట్టాడు. ప్రమాదరహిత సంవత్సరం, ప్రెస్ షాపు బృందం అని హిందీలో పెద్ద అక్షరాలు. ఫొటోకి అందరినీ నిలబెడుతూ పైడిబాబు దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు వెనక వరసలో ఉండు తమ్ముడూ. చెయ్యి జేబులో పెట్టుకో, చలిగా ఉంది" అన్నాడు.

కల్యాణి తమ్ముడి మోచెయ్యి పట్టుకుంది. "ఎల్లకురా. పద, బస్సులో కూకుందాం."

"ఊరుకో అప్పా" అన్నాడు పైడిబాబు, నెమ్మదిగా చెయ్యి విడిపించుకుంటూ. "ఇప్పుడు ఎల్లకపోతే మార్చిలో మొండికేత్తారు."

అతను వెళ్లి వెనక వరసలో నిలబడ్డాడు. చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ముందు వరసలో బహుమతి కప్పు పట్టుకోమని ఆదిబాబుని పిలిస్తే వెళ్లి పట్టుకున్నాడు. కల్యాణి ఒక్కతే బస్సెక్కింది.

మార్చి వచ్చింది, పోయింది. పర్మనెంటు లిస్టులో పైడిబాబు పేరు లేదు. మూడు వేళ్లతో అతను మునుపటంత పని తీయలేకపోతున్నాడని తుక్కు ఎత్తే పనికి మార్చారు. జూన్‌లో కాంట్రాక్టరు ఇక రావద్దన్నాడు. ఆదిబాబు జయప్రకాష్ గదికి వెళ్లి మాట గుర్తుచేశాడు. జయప్రకాష్ కోపం తెచ్చుకోలేదు. హాజరు పుస్తకం తెప్పించి, ఆ నెల తీసి, బల్ల మీద అతని వైపు తిప్పి పెట్టాడు.

"బయట తగిలిన దెబ్బకి కంపెనీ ఏం చేస్తుంది చెప్పు? ఈ రాత నాదా, నీదా?"

ఆ సాయంత్రం విషయం తెలిసి, మర్నాడు కల్యాణి తమ్ముణ్ణి తీసుకుని లేబర్ ఆఫీసుకి వెళ్లింది. నర్సింగ్ హోము కాగితాలు చూపించింది. అక్కడి ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు. పుస్తకంలో సెలవని ఉంది, ఆరోజు ఇతను డ్యూటీలో ఉన్నాడని ఇన్‌చార్జి వచ్చి రాసిస్తే కేసు నిలబడుతుందని చెప్పాడు. ఆమె ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి మొగుణ్ణి అడిగింది.

"వత్తావా?"

"కంపెనీలో ఆడిట్ జరుగుతంది. అదవనీ" అన్నాడు ఆదిబాబు.

ఆడిట్ అయింది. మళ్లీ అడిగింది. ఈసారి అతను నిజం చెప్పాడు. "ఆ మిషను పాడయిందని తెలిసి నడిపింది నానే. రాసిచ్చీసినంక నన్నుంచుతారా? ఈ వయసులో నాకు పనెవులిత్తారు?"

కల్యాణి మూడోసారి అడగలేదు. వంట చేసేది, కంచం పెట్టేది, ప్రియతో మాట్లాడేది. అతనితో అవసరమైన మాటలే. ప్రియ తండ్రి ఇంటికి రాగానే పుస్తకాలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయేది. ఆదివారాలు టీవీ ఎవరూ పెట్టలేదు.

ఆగస్టులో పైడిబాబు ఊరు వెళ్లిపోతానన్నాడు. అక్కడ మేనమామ కొబ్బరికాయల వ్యాపారం చేస్తున్నాడు, ఏదో ఒకటి చూస్తానన్నాడట. టాటానగర్ స్టేషనుకి అతనితో ఆదిబాబు, కల్యాణి వెళ్లారు. వర్షం పడుతోంది. బండి కదలబోయే ముందు పైడిబాబు కిటికీలోంచి బావ చెయ్యి పట్టుకున్నాడు, మూడు వేళ్లతో.

"దిగులెట్టుకోకు బావా. నీ వల్లే కదా బెత్లా సూసాను. మా ఊల్లో ఎవులు సూసారు, పదకొండు ఏనుగులు ఒక్కసారి? అందరికీ సెప్తాను."

అందులో వెటకారం ఏమాత్రం లేదు. ఉంటే ఆదిబాబు తట్టుకునేవాడు.

బండి వెళ్లిపోయింది. స్టేషను బయట ఆటో ఎక్కాక, సాక్చీ వైపు సగం దూరం వచ్చాక, ఆదిబాబు భార్య వైపు తిరిగి అన్నాడు.

"సోమవారం లేబర్ ఆఫీసుకొత్తాను. రాసిచ్చెత్తాను. ఏటైతే అదవుతాది."

కల్యాణి వర్షం వైపు చూస్తూ కూర్చుంది. మొహం ఇటు తిప్పకుండానే అంది.

"ఇప్పుడెవులి కోసం ఎల్తావు?"

సాక్చీ బజారు రాగానే ఆటో ఆపించి, కూరగాయలు కొనాలని దిగిపోయింది. ఆదిబాబు ఒక్కడే ముందుకు వెళ్లాడు. ఆరోజు అతనికి రెండో షిఫ్టు.