భుజాల మీది కుర్చీ

"తాగి ఉన్నాడు. కూత పడకుండానే బరువు వదిలేశాడు. తన చావు తనే తెచ్చుకున్నాడు. అంతే కదా మేస్త్రీ?"

కాంట్రాక్టరు ఈ మాటలు అడిగినట్టు లేదు, అప్పజెప్పినట్టుంది. పక్కనే ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. పట్టాల మధ్య గోనెపట్టా కప్పిన శవం ఉంది. పట్టా చాలక పాదాలు బయటికొచ్చాయి. ఆ పాదాల దగ్గర ఒక ఆడమనిషి కూలబడి ఉంది. గోతాల మూతులు కుట్టే దబ్బనం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. పని మధ్యలోంచి పరుగెత్తుకొచ్చింది, దాన్ని కింద పడెయ్యాలని కూడా తోచలేదు. చచ్చిపోయినవాడు ఆమె మొగుడు. మేస్త్రి ఆమెకు స్వయానా అన్న.

గూడ్స్ యార్డు యార్డంతా మేస్త్రి నోటివైపు చూస్తోంది.

మేస్త్రి తల ఊపాడు.

ఆ ఒక్క ఊపుతో ఇన్‌స్పెక్టరు పని అయిపోయింది, కాంట్రాక్టరు గండం గడిచింది. చచ్చినవాడు మాత్రం రెండోసారి చచ్చాడు.

ఎందుకంటారా? ఆ యార్డులో యంత్రాల పెట్టెలు దిగుతాయి. గదంత పెట్టెలు. వాటికి మోకులు బిగించి, మోకుల్లో వాసాలు దూర్చి, రెండువైపులా భుజాలు పెట్టి మోస్తారు. మోసేవాడికి ముందువాడి వీపు తప్ప ఇంకేమీ కనిపించదు. అందుకని ఒకడు బరువు ముట్టుకోకుండా పక్కనే నడుస్తాడు. అందరి పాదాలూ వాడే చూసుకోవాలి. వాడు "ఐసా" అంటే ఎత్తాలి, "అడుగో" అంటే నడవాలి, "దించో" అంటే దించాలి. వాడే కూతగాడు, వాడే మేస్త్రి. కూత పడందే దించకూడదు. భుజం ఊడిపోనీ, కళ్లు బైర్లు కమ్మనీ, దించకూడదు. ఒకడు ముందే వదిలాడంటే పక్కవాడు నలిగిపోతాడు. అలా వదిలినవాడికి ఆ యార్డులో మళ్లీ ఎవడూ భుజం కలపడు. వాడి పిల్లల్ని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు.

నిజానికి ఆవేళ కూత పడింది. మేస్త్రే వేశాడు.

అతని బావ వెనక వాసం కింద ఉన్నాడు. ఒక కాలు పట్టాకి ఇవతల, ఒక కాలు అవతల. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఎన్నికల కారు ఆగింది. మైకు హోరెత్తిపోతోంది. కార్లోంచి అభ్యర్థిగారి మనిషి చెయ్యెత్తి మేస్త్రిని రమ్మన్నాడు. మేస్త్రి కళ్లు పాదాల మీంచి కారు మీదికి పోయాయి. పెద్దవాళ్లు పిలుస్తున్నారు, ఈ పెట్టె తెమిలిపోతే బాగుండుననుకున్నాడు. "దించో!" అన్నాడు. ముందువాళ్లు దించారు. వెనకవాడి కాలు ఇంకా నేలకి ఆనలేదు. పెట్టె వాడి మీదికి ఒరిగింది.

ఆ కారు కోసం అంత ఆత్రం ఎందుకయ్యా అంటే, అది పాత జబ్బు. ఆ పార్లమెంటు నియోజకవర్గం చరిత్ర ఎవరు రాసినా పార్టీల పేర్లు, మెజారిటీలు రాస్తారు. యార్డులో చెప్పుకునే చరిత్రలో ఉండేవి ఒక బురద, ఒక కుర్చీ, ఒక క్రేను.

మొట్టమొదటి ఎన్నికల్లో పెద్దాయన కారు యార్డు గేటు ముందు బురదలో దిగబడింది. తెల్లబట్టల మనిషి, పాపం ఎలా దిగుతాడని హమాలీలే జాలిపడి, ఒక కుర్చీకి వాసాలు కట్టి మోసి అవతల దించారు. ఆయన గెలిచాడు. ఆ కుర్చీ కలిసొచ్చిందన్నాడు. ఇక అప్పట్నుంచి ఆ ఇంట్లో ఎవరు నిలబడినా ముందు యార్డుకొచ్చి కుర్చీ ఎక్కాల్సిందే, కూతగాడు కూతలో వాళ్ల ఎన్నికల గుర్తు పేరు కలిపి వెయ్యాల్సిందే. హమాలీల ముఠా ఆ కూతకి పలికిందంటే ఓట్లు పడ్డట్టే. రోడ్డు వేయిస్తానన్నాడు పెద్దాయన. రోడ్డు వేస్తే కుర్చీ ఎక్కడానికి వంకేముంటుంది? బురద అలాగే ఉంది.

ఆయన తరవాత కొడుకు వచ్చాడు. పార్టీ మారింది, కుర్చీ మారలేదు. గెలవగానే క్రేను తెప్పిస్తానన్నాడు. జనం ఆ పార్టీ మీద మండిపడ్డప్పుడు పెద్దాయన అల్లుడు అవతలి పార్టీ నుంచి దిగాడు. కొడుకు ఓడాడు, అల్లుడు గెలిచాడు, సీటు మాత్రం ఇంటి గడప దాటలేదు. అల్లుడూ క్రేనే అన్నాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, రైల్వేలో సిగ్నళ్లు చూసే మనిషి కార్మికుల తరఫున నిలబడ్డాడు. మిల్లులు కదిలాయి, పొలాలు కదిలాయి. యార్డు కదల్లేదు. కుర్చీ మోసినవాళ్లం, మాట తప్పుతామా అంది ముఠా. ఆ సిగ్నలాయన ఓడింది యార్డు ఓట్లతోనే. ఓడిన మర్నాడు వచ్చి వాళ్లతో కూర్చుని టీ తాగి వెళ్లాడు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ముసలివాళ్లు ఇప్పటికీ అంటారు.

ఇప్పుడు మనవడు నిలబడ్డాడు. కారు వచ్చింది కుర్చీ రోజు మాట్లాడుకుపోవడానికే.

శవాన్ని సాగనంపి, దినాలు అయ్యాక ముఠా కాటా షెడ్డులో చేరింది. మగవాళ్లు ఒక పక్క, గోతాలు కుట్టే ఆడవాళ్లు ఒక పక్క. కాంట్రాక్టరు మనిషి ఎవడూ లేడు. అందరికన్నా ముందు చెల్లెలే లేచింది.

"అన్నా, మా ఆయన కూత లేకుండా దించాడా?"

మేస్త్రి చెప్పుల కోసం చూశాడు.

"ఇన్‌స్పెక్టరు ముందు ఊపినట్టు తల ఊపడం కాదు. నోటితో చెప్పు."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అన్నాడు మేస్త్రి. తన గొంతు తనకే పరాయిదిలా వినపడింది.

"మరెప్పుడు? నేను కూడా పోయాకా?" ఆమె మగవాళ్ల వైపు తిరిగింది. "మీ అందరికీ చెవులున్నాయిగా. మీరేం విన్నారు?"

ముందు వాసం మోసిన పొట్టోడు గోడకి చేరగిలబడి ఉన్నాడు. వాడే చివరికి నోరు విప్పాడు. "విన్నామక్కా. కానీ మేస్త్రి తల ఊపాక మేమేం మాట్లాడతాం? ముఠా అంటే ఒకటే మాట గదా."

"అది ఒకటే మాట కాదురా. ఒకడి మాట."

"నిజం చెప్తే మేస్త్రి జైలుకి పోతాడు" అన్నాడు ఇంకొకడు. "మనల్ని పన్లోంచి తీసేస్తారు. పోయినోడు ఎలాగూ తిరిగి రాడు."

"క్రేను ఉంటే పోయేవాడే కాదు. దాని సంగతి మాట్లాడరేం?" ఆడవాళ్లలోంచి ఎవరో గట్టిగా అరిచారు. "ఎన్ని ఎలక్షన్లు తిన్నది ఆ క్రేను!"

అందరూ ఒక్కసారే అందుకున్నారు. ఈసారీ కుర్చీ మోద్దామని కొందరు, దాన్ని పొయ్యిలో పెడదామని కొందరు. ముసలి హమాలీ చెయ్యెత్తాడు. "ఆ సిగ్నలాయనకీ ఇదే చేశాం. మేస్త్రి కూశాడు, మనం పలికాం. తప్పు ఒక్కడి నెత్తిన పెట్టి చేతులు దులుపుకోకండి. ఆ గొంతుల్లో నా గొంతూ ఉంది."

మేస్త్రి చెప్పులేసుకుని బయటికి నడిచాడు. చెప్పాలనే ఉంది. నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ యార్డులో అంతమందిని ఎత్తించి దించిన నోరు, నాలుగు మాటలు బయటపెట్టలేక చచ్చింది. ఛీ, ఇదీ ఒక నోరేనా అనిపించింది.

చెల్లెలి ఇల్లు దారిలోనే. గుమ్మంలో మేనకోడలు కూర్చుని ఉంది. బడి నుంచి మధ్యలోనే వచ్చేసిందట, పలక పక్కన పడేసి ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది.

"మామయ్యా, నాన్న ఎందుకు దించాడు? నువ్వు ఇంకా చెప్పలేదుగా?"

ఎవరు అన్నారమ్మా అలా అని అడగబోయాడు. ఎవరన్నారో అతనికి తెలియదా? చతికిలబడిపోయి పిల్ల రెండు పాదాలూ పట్టుకున్నాడు. ఆ పిల్లకి ఏమీ అర్థం కాక, మామయ్య కూడా ఏడుస్తున్నాడని చూసి తన ఏడుపు ఆపేసింది.

కుర్చీ రోజు వచ్చింది. యార్డు గేటు నిండా జెండాలు, కెమెరాలు, కిరాయికి తెచ్చిన జనం, బందోబస్తుకి జీపులో వచ్చిన ఇన్‌స్పెక్టరు, కానిస్టేబుళ్లు. మనవడు దండలతో కుర్చీలో కూర్చున్నాడు. "మూడు తరాలుగా బరువు పెరగడమే గానీ తరగడం లేదర్రా" అని పొట్టోడు వాసం కింద భుజం సర్దుకుంటూ గొణిగాడు. కాంట్రాక్టరు మేస్త్రి చెవి దగ్గర, "యార్డు అదిరిపోవాలి, ఊఁ, కానీ" అన్నాడు.

"ఐసా!"

కుర్చీ లేచింది. మనవడు చేతులు జోడించాడు. "అడుగో!" అంటే ముఠా నడిచింది. బురద దాటింది. కూతలో గుర్తు పేరు ఇంకా రాలేదని కాంట్రాక్టరు సైగ చేస్తున్నాడు. మేస్త్రి చూడలేదు. అతని కళ్లు పాదాల మీదే ఉన్నాయి. పట్టాల దగ్గరికి రాగానే, "ఆగో!"

ముఠా ఆగింది. ఫొటో కోసమేమో అనుకుని మనవడు నవ్వాడు.

"అందరూ వినండి" అన్నాడు మేస్త్రి. కూత వేసే గొంతు, మైకు అక్కర్లేదు. "మా బావ పోయింది ఇక్కడే. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు. నేను చూడలేదు. ఈ బాబుగారి కారు వంక చూస్తూ కూత వేశాను. కూతకే దించాడు వాడు. తాగలేదు. తప్పు నాది. ఆ తప్పుని చచ్చినవాడి మీదికి తోసి తల ఊపాను చూడండి, అది ఇంకా పెద్ద తప్పు."

ముందుగా నోరు విప్పింది మనవడే. "ఏంటయ్యా ఈ గోల? ముందు నన్ను దించండి!"

"కూత పడలేదండీ" అన్నాడు పొట్టోడు.

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు జనంలోకి పాకింది.

"మీ తాతగారి కాలం నుంచీ ఇదే పద్ధతి బాబూ" అన్నాడు ముసలి హమాలీ వాసం కింది నుంచి. "కూత పడందే దించం. పైన గాలి బాగానే వస్తోందా?"

"దూకుదామా అంటే దండలు అడ్డం" అన్నారెవరో. మనవడు కిందికి చూశాడు. కింద పట్టాలు, రాళ్లు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"క్రేను ఏదీ?" అంది గోతాలు కుట్టే ఒకామె.

"ఏదీ క్రేను?" అంది యార్డు.

"గెలవగానే..." అన్నాడు మనవడు.

"మీ తాత గెలిచాడు, మీ నాన్న గెలిచాడు, మీ మామ గెలిచాడు. గెలవందెవరు?" పొట్టోడి మెడ నరాలు ఉబ్బిపోయాయి. "చచ్చింది మావాడు! ఓటు సంగతి ముఠా అంతా కూర్చుని తేల్చుకుంటుంది. కుర్చీలో తేలదు."

చెల్లెలు జనాన్ని తోసుకుంటూ ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చి నిలబడింది. "రాసుకోండి. మా ఆయన కూతకే దించాడు. ఇప్పుడే రాయండి, ఇంతమంది ముందు."

ఇన్‌స్పెక్టరు ఆమెను పక్కకు నెట్టి మేస్త్రి చొక్కా పట్టుకున్నాడు. "నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు. నడు."

"లోపల కుళ్లిపోతావురా" అన్నాడు కాంట్రాక్టరు పళ్లు కొరుకుతూ.

"పోతే పోయాను. నువ్వు కూడా రా, నాకు కాలక్షేపం."

"ముందు ఆయన్ని దించమని కూత వెయ్యి!" ఇన్‌స్పెక్టరు గుంజాడు.

మేస్త్రి చెల్లెలి వైపు చూశాడు. క్షమించిందేమోనని చూశాడు, దాచుకోవడమెందుకు. ఆ మొహంలో క్షమ లేదు. కోపమూ లేదు. అలసట ఉంది.

"నువ్వు వెయ్యకన్నా" అంది. "ఇంకెప్పుడూ నువ్వు వెయ్యకు."

అతను తల వంచి జీపు ఎక్కాడు.

జీపు గేటు దాకా వెళ్లి బురదలో దిగబడింది. చక్రాలు గిర్రున తిరిగాయి గానీ బండి కదల్లేదు. ఇన్‌స్పెక్టరు యార్డులోకి చూసి కేకేశాడు. తొయ్యడానికి ఒక్క హమాలీ రాలేదు. కానిస్టేబుళ్లు బూట్లతోనే బురదలోకి దిగారు.

జీపు వెనక నుంచి మేస్త్రికి అంతా కనపడుతోంది. తలల మీద కుర్చీ అలాగే ఉంది. దాని కింద భుజాలు వణుకుతున్నాయి. చెల్లెలు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, పాదాల వంక చూసి ఏదో అడుగుతోంది, ఒక్కొక్కరూ జవాబు చెబుతున్నారు. ముసలి హమాలీ దగ్గర ఎక్కువసేపు ఆగింది. తరవాత ఆమె వెనక్కి జరిగింది.

కూత పడింది. ఒక గొంతు కాదది. పొట్టోడు, ముసలాయన, వెనక వాసంవాళ్లు, ముందు వాసంవాళ్లు, గోతాలు కుట్టే ఆడవాళ్లు, అందరూ ఒక్కసారిగా కూశారు. అలవాటు కొద్దీ మేస్త్రి నోరు కూడా తెరుచుకుంది. మూసుకున్నాడు.

కుర్చీ పట్టాల మధ్య దిగింది, సరిగ్గా ఆ చోటే. మనవడు లేచి నిలబడ్డాడు గానీ వెళ్లడానికి దారి లేదు. ముఠా చుట్టూ కూర్చుంది. గోతాలు కుట్టే ఆడవాళ్లు దబ్బనాలు పక్కన పెట్టి వాళ్ల వెనక కూర్చున్నారు. అవతల వ్యాగన్ల మీద ఉన్నవాళ్లు కూడా ఒక్కొక్కరే దిగి రావడం మొదలుపెట్టారు.

మేస్త్రి జీపు కమ్మీ పట్టుకుని ఆ కూర్చున్నవాళ్ల పాదాల వంకే చూశాడు. అందరి పాదాలూ నేలకి ఆని ఉన్నాయి. ఈసారి చూశాడు.